తెగకూడని పోగు

రాత్రి ల్యాబ్‌లో ఫ్రిజ్ మోత తప్ప చప్పుడు లేదు. సీనియర్ అక్క చూస్తున్న మైక్రోస్కోప్ కింద ఒక కణం రెండుగా విడిపోబోయి ఆగిపోయింది. రెండు సగాల మధ్య సన్నని డీఎన్ఏ పోగు మెరుస్తోంది. దాన్ని కోసే ఎంజైమును ఈ కణాల్లో లేకుండా చేసింది అక్కే. నిన్న ఫార్మలిన్ పోసి వాటిని చంపిందీ అక్కే.

“చచ్చినవి ఎక్కడికీ పారిపోవులే అక్కా, రా!” తాళాలు పట్టుకుని జూనియర్ అమ్మాయి తలుపు దగ్గర విసుక్కుంది.

“ఉండవే. పోగు బిగుసుకుంటోంది.”

“బల్ల కదిలిందేమో.”

అక్క బల్ల మీంచి చేతులు తీసేసి ఊపిరి బిగబట్టింది. ఫ్రిజ్ మోత ఆగింది. పోగు మధ్యలో, కత్తెరతో కోసినంత నున్నగా తెగింది.

“ఎవరు కోశారే దీన్ని?”

జూనియర్ తాళాలు పక్కన పడేసి స్టూలు లాక్కుంది. “జరుగు, నన్నూ చూడనీ.”

పక్క కణంలో పోగు అప్పుడే బిగుసుకుంటోంది.