ఎనిమిదో గొంతు

"ఇగ విను, ఎట్ల మోగుతదో!"

చర్చిలో మూలపడ్డ పాత హారన్ స్పీకర్లకు కొత్త కాయిళ్లు వేసి, గాజు బల్బుల్లాంటి వాల్వులున్న యాంప్లిఫయర్‌కు తగిలించాడు జయరాజు. ముప్పై ఏళ్ల కిందట తానే రికార్డు చేసిన క్రిస్మస్ కీర్తన మొదలైంది. ప్రతి గొంతూ విడిగా వినిపిస్తోంది.

భార్య ఎలీషమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది.

"ఏడే ఉన్నయి. ఎనిమిది మందిమి పాడినం గదా. నా గొంతేది?"

జయరాజు వంగి వైర్లు సర్దసాగాడు.

"స్పీకర్లు పాతయి, గొంతులన్నీ కలిసిపోయినయని గిన్నేండ్లు సెప్పినవు!"

"నీ శ్రుతి కలుస్తలేదని పాస్టరయ్య అన్నడు. నీకు సెప్ప మనసొప్పలే. నిన్ను దూరంగ నిలవెట్టి, నీ మైకుకు వైరు వెట్టలే."

"గా ఒక్క దినమేనా? ఆదివారాలు చర్చిల పాడినప్పుడు గూడనా?"

జయరాజు స్విచ్చి ఆపేశాడు. వాల్వులు చల్లారేదాకా తలెత్తలేదు.