చెయ్యి పడని చేప

“ఈ రెండో తొట్టెలో నువ్వు రోగం కలపనే లేదమ్మాయ్. నన్ను బుట్టలో వేద్దామని చూస్తున్నావు,” అన్నారు మామగారు.

మొదటి తొట్టెలో టీకా వేయని చేపలన్నీ ఒంటి నిండా ఎర్రటి పుళ్లతో వెల్లకిలా తేలుతున్నాయి. రెండో తొట్టెలో టీకా వేసినవి మేత కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకే సీసాలోని బ్యాక్టీరియాను రెండింటిలోనూ కోడలే కలిపింది. పోయినేడు వాళ్ల చెరువులను ఊడ్చిపెట్టిన రోగం అదే. వారం తిరిగేసరికి పిల్లచేపలను మళ్లీ చెరువుల్లోకి వదలాలి. మామగారు ఊఁ అంటేనే వాటికి టీకా.

“అయినా చేపలకి సూదిమందేమిటి? రేపు బళ్లో కూడా వెయ్యమంటావు.”

“ముందు బతకనివ్వండి, బడి సంగతి తర్వాత చూద్దాం. నమ్మకం లేకపోతే టీకా వేయని చేపనొకదాన్ని మీరే తెచ్చి ఈ తొట్టెలో వదలండి మామయ్యగారూ.”

“ఎక్కణ్ణుంచి తేను? ఇక్కడున్న ప్రతి చేపా నీ చేతిలోదే. దేనికేం చేశావో ఎవరికి తెలుసు?”

కోడలు చేతి తొడుగులు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. తువ్వాలుతో తుడుచుకుంటూ నెమ్మదిగా అంది.

“నా చెయ్యి పడని చేప ఒకటుంది. మీ ఆఫీసు బల్ల మీద.”

మామగారు మీసం దువ్వుకోవడం ఆపేశారు. గాజు జాడీలోని ఆ బంగారు చేపకు మేత ఆయనే వేస్తారు, నీళ్లు ఆయనే మారుస్తారు. అత్తగారిని కూడా ముట్టుకోనివ్వరు.

“దాన్నెందుకు? అది వేరే జాతి.”

“ఈ రోగానికి కులగోత్రాల పట్టింపు లేదండీ.”

“నిన్నటి నుంచి సరిగ్గా తినడం లేదది.”

“అయితే వద్దులెండి. రోగం కలపనే లేదన్నారుగా, ఇక భయమెందుకనుకున్నాను.”

ఆయన ఆఫీసులోకి వెళ్లారు. కోడలు చిన్న వల కడిగి పక్కన పెట్టుకుంది.

కాసేపటికి ఆయన జాడీని రెండు చేతులా పొట్టకి హత్తుకుని వచ్చారు. నీళ్లు చొక్కా మీద ఒలుకుతున్నాయి. రెండో తొట్టె మీదికి వంగి, చాలాసేపు లోపలికి చూశారు. తర్వాత రెండడుగులు వెనక్కి వేశారు.

“చెరువుల్లోకి పోయేవాటికి రేపట్నుంచి మొదలుపెట్టు,” అన్నారు. “ముందు దీనికి వెయ్యి.”