రెండు ఫోన్లూ చూపిన దోవ

కొత్తచెరువులో పెళ్లి చూసుకుని బత్తలపల్లెకు తిరిగొస్తుంటే, వంతెన పని అని రోడ్డు మూసేసినారు. అప్పట్నుంచి హుసేనమ్మ కొడుకూ కూతురూ కారులో కొట్లాడుకుంటానే ఉన్నారు. కుళ్ళాయప్పది ఒక కంపెనీ ఫోను, మాబున్నిది దానికి పోటీ కంపెనీది. రెండింట్లోనూ దోవ చెప్పే మ్యాపు ఉచితమే.

“నీది గొర్రెలు పోయే బాట చూపిస్తాదిలే అన్నా!”

“నీదైతే ఏకంగా చెరువులోకే దింపుతాది పో.”

వెనక సీట్లోని హుసేనమ్మకు రెండిటి మీదా అనుమానమే. “దుడ్లు తీసుకోకుండా ఇంత రాత్రిలో దోవ చెప్పేటోళ్లు ఎవరప్పా? వాళ్లకేమి లాభం?”

అంతదాకా ఒక్క మలుపు దగ్గరా కలవని ఫోన్లు, ఉన్నట్టుండి ఒకేసారి ఒకే మాట చెప్పాయి. “ఎడమవైపు తిరగండి.”

కుళ్ళాయప్ప కారు ఆపినాడు. ఎడమవైపు రోడ్డే లేదు, శెనక్కాయ పెరికేసిన చేను. ఎర్రమట్టిలో ఏదో కారు దిగిపోయిన జాడ ఉంది. వెనక్కి వచ్చిన జాడ లేదు.

“రెండూ ఆర్పేయండి,” అంది హుసేనమ్మ. ఫోన్లు ఆర్పి, ఇంజనూ ఆపినారు. కీచురాయి కూడా అరవడం లేదు.

చేను నడిమధ్య చీకట్లోంచి ఒక ఫోను గొంతు వినపడింది. “మీరు గమ్యానికి చేరుకున్నారు.” కాసేపాగి మళ్లీ అదే మాట.

“ఎవరో ఇరుక్కున్నట్టుండారు మా. చూసొస్తా,” అని కుళ్ళాయప్ప తలుపు తెరిచినాడు.

హుసేనమ్మ వెనకనుంచి అతని కాలరు పట్టుకుంది. “మనుషులైతే ఒక్క కేక వేయరా నాయనా? మన లైట్లు వాళ్లకు కనపడలేదా?”

ఆ మాటకు చేలోని గొంతు సగంలో ఆగిపోయింది, ఎవరో గబుక్కున ఆర్పేసినట్టు.