సగటున శాంతమూర్తి

ఇప్పుడు అందరి చేతులకీ కోపం కొలిచే పట్టీలే. గంటగంటకీ మన కోపానికి పదికి ఇన్ని మార్కులని వేసుకుని, రోజు పూర్తయ్యాక సగటు తీస్తాయి. అది అయిదు దాటిందా, మర్నాడు లిఫ్టు తలుపు తెరుచుకోదు.

పద్దెనిమిదో అంతస్తులోని మా ఇంట్లో రోజూ లిఫ్టెక్కేది మా అత్తగారు కనకరత్నమ్మ ఒక్కరే. మెలకువగా ఉన్న నాలుగు గంటలూ ఇల్లు పీకి పందిరేస్తారు. మిగతా ఇరవై గంటలూ నిద్రే. సగటు రెండు కూడా రాదు. ఆవిణ్ణి భరిస్తూ రోజంతా ఉడికిపోయే మాకు మెట్లే గతి.

మొన్న ‘ఉత్తమ శాంతమూర్తి’ శాలువా పట్టుకుని ఓ అధికారి వచ్చాడు.

“నిద్ర లేపకండి బాబూ, కప్పేసి వెళ్ళిపోండి,” అన్నాను.

వినలేదు. లేపాడు. అరగంటలో కళ్ళజోడు కూడా వదిలేసి పారిపోయాడు.

దానికోసం నిన్న రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

“ఆవిడ ఉన్నారా?”

“లేరండీ. తిట్లింకా మిగిలిపోయాయని, మిమ్మల్ని వెతుక్కుంటూ లిఫ్టులో కిందికెళ్ళారు.”