గోల్‌పోస్టు వెనక సీట్లు

మా అమ్మాయిని మొదటిసారి ఫుట్‌బాల్ స్టేడియానికి తీసుకెళ్లాను. గోల్‌పోస్టు వెనకే సీట్లు. తను కొత్త గ్లవ్స్ తొడుక్కునే వచ్చింది.

అవతలి జట్టు రెండో గోల్ కొట్టేసరికి మా గోల్‌కీపర్ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

“కోట్లు పోసి కొన్నది ఈ దద్దమ్మనా? వీణ్ణి ఆడించిన కోచ్‌ని అనాలి. ఒరేయ్, ఆ చేతులు దేనికిరా నీకు?”

వెనక వరసలన్నీ అదే మాట అందుకున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు గర్వపడ్డాను.

“ఆయనకి వినపడుతుందా నాన్నా?” అంది అమ్మాయి.

“వినపడాలనే కదమ్మా అరిచేది.”

గోల్‌కీపర్ వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంటికెళ్లే బస్సులో తను గ్లవ్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

“రేపు స్కూలు మ్యాచ్‌లో గోల్ దగ్గర నేనే నిలబడాలి. నువ్వు రావద్దులే నాన్నా.”