గట్టు మీద అసిరయ్య

“డూటీ బట్టలొద్దమ్మా. తెల్ల పంచి కట్టు,” అంది నూకమ్మ, గోడ మీద వెయ్యబోయే తన భర్త బొమ్మ గురించి.

హేమ కుంచె ఆగింది. గోల్‌మురి బస్తీలో కాలవ పక్క గోడ మీద ఆమె వేస్తున్న బొమ్మలో ఎడమ సగం పాతకాలం: పొగగొట్టాలు, కార్ఖానా వదిలిన నల్లటి వేడినీళ్ళు, సైకిళ్ళ మీద ఖాకీ మనుషులు. కుడి సగం ఇప్పటి కాలవ: తేట నీళ్ళు, బెంచీలు, సెల్ఫీలు.

“ఖాకీల మధ్య పంచె నప్పదు పిన్నీ. డ్యూటీకెళ్ళే మనిషి కదా?”

“డూటీ అయిపోనాది. గట్టుమీద తొంగున్నాడు.”

ఇరవై రెండేళ్ళ కిందట కాలవ పొంగిన రోజు నూకమ్మ భర్త అసిరయ్య సైకిల్ దొరికింది, మనిషి దొరకలేదు. కళ్ళారా చూడందే నమ్మనంది నూకమ్మ. బస్తీ అంతా బుగ్గలు నొక్కుకున్నా రూపాయంత బొట్టు, చేతినిండా ఎర్ర గాజులు మానలేదు.

కొడుకు శ్యామ్ హేమని పక్కకి పిలిచాడు. “దీదీ, మత్ బనాయియే, ఆ బొమ్మ వెయ్యకండి. ఇప్పటికీ రోజూ మా బాబుకి కంచం పెడతాది. ఈ బొమ్మ చూత్తే ఇంకో ఇరవయ్యేళ్ళు ఎదురుచూత్తాది.”

హేమకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. లేని ఆశ పెట్టడం పాపమే. కానీ టీ గ్లాసుతో గాజులు గలగలలాడిస్తూ వచ్చే మనిషికి కాదని ఎలా చెప్పడం?

“ఎంత బొమ్మ కావాలి పిన్నీ?”

“మడిసంత.”

మూడు రోజులు నూకమ్మ పక్కనే కూర్చుని చెప్పింది. కనుబొమ్మ మీద మచ్చ. మెలితిప్పిన మీసం. మూసిన కళ్ళు.

“పాదాలు రెండూ ఒకదానికొకటి ఆనించమ్మా.”

“నిద్దట్లో ఎవరైనా అలా పడుకుంటారా?”

“మా మావ తొంగుంటాడు.”

బొమ్మ పూర్తయింది. నూకమ్మ ఆ చెంప నిమిరింది. తడి రంగు వేళ్ళకి అంటింది.

“ఇన్నాళ్ళకి వచ్చినాడు,” అంది.

శ్యామ్ తల పట్టుకున్నాడు. చేజేతులా ఒక మనిషిని పిచ్చిదాన్ని చేశానని హేమ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లవారగానే ఆకుపచ్చ రంగు డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ మనిషి మీద పొదలు వేసి కప్పేద్దామనుకుంది. కుంచె ముంచి వంగింది.

అసిరయ్య పాదాల దగ్గర, నేల మీద, పగిలిన ఎర్ర గాజులున్నాయి.