తాబేలు కాలికి ఎర్రంచు

"తాబేలును మా మరిది రాయమల్లే పట్టిండు మేడం. ఇంటెనుక కట్టేసుకున్నడు, నా కండ్లతోని చూసిన," అంది లస్మవ్వ.

తాబేళ్ల రాకపోకల మీద పరిశోధన చేస్తున్న ప్రసూన చేతిలో, దాని డొప్పకు అంటించిన ట్యాగు జాడ పట్టే సిగ్నల్ యంత్రం మాత్రం చెరువు వైపే కూస్తోంది.

"తెంపుకుని వచ్చేసినట్టుంది. తొలివాన పడితే అది తన చెరువు వదిలి ఉండదు."

గట్టు కింద తాబేలు దొరికింది. దాని కాలికి తెగిన ఎర్రంచు పీలిక ఉంది. ప్రసూన చూపు లస్మవ్వ కట్టుకున్న ఎర్రంచు చీర చిరుగు మీద ఆగింది.

లస్మవ్వ చిరుగును చేత్తో కప్పుకుంది. గనిలో పోయిన భూమికి బదులు తనకు రావాల్సిన నౌకరిలో మరిది రాయమల్లు చేరాడు. తాబేలును పట్టిన నేరం మోపి అతన్ని జైలుకు పంపాలని దాన్ని తెచ్చి అతని పెరట్లో కట్టేసింది తనే.

షిఫ్టు దిగి వస్తున్న రాయమల్లు చెరువు దగ్గర ఆగాడు. పీలికను చూశాడు, వదినెను చూశాడు.

"ఆమెనేమనకుండ్రి మేడం. నేనే పట్టిన. కేసు నామీద పెట్టుండ్రి."

లస్మవ్వ కోరుకున్నదీ అదే. అయినా ఒళ్లు భగ్గుమంది.

"నౌకరి నీ పేరు మీదనే రాపిచ్చుకున్నవ్. గీ తప్పన్న నా పేరు మీద ఉండనియ్యి!"